ప్రోటాను స్పిన్నును కొలుచు తెఱగు

పొగను జూచి నిప్పు నూహించుట తార్కికుల పద్ధతి. కంటికి గానరాని ప్రోటాను స్పిన్నును కొలుచుటయు నట్టిదే. స్పిన్ననగా దానికి సహజమైన భ్రమణగుణము. అది బొంగరమువలె నిజముగా దిరుగునని తలపరాదు.

ఇట్టి పరీక్ష కాంతి విషయమున మన సీమవారే చేసిరి. నూజివీటి చేరువ ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు, 1931లో రామనుగారితో గూడి, చెదరిన కాంతి ధ్రువణమును పరీక్షించి, కాంతికణమునకు స్పిన్ను కలదని ప్రకటించిరి.

ప్రోటానుల స్పిన్నును 1950వ దశకమున అమెరికాలోని రోచెస్టరు, బర్కిలీలలో రెండుమార్లు చెదరగొట్టి పరీక్షించిరి. పరమాణుకేంద్రకము వానిపై జూపు బలము స్పిన్ను దిక్కును బట్టి మాఱును. అందుచే మొదటి లక్ష్యమున ఒక ప్రక్కకు చెదరిన ప్రోటానుల స్పిన్నులు కొంతవఱకు ఒకే దిక్కునకు మొగ్గును. వానిని రెండవ లక్ష్యముపై బంపి, ఎడమకు, కుడికి చెదరినవానిని లెక్కింతురు. ఎడమకు 600, కుడికి 400 వచ్చెననుకొందము. భేదము 200, మొత్తము 1,000; నిష్పత్తి ఐదవవంతు. ఆ లక్ష్యమునకు దిక్కును వేఱుపఱచు శక్తి సగమైనచో, ధ్రువణము ఐదింట రెండు వంతులు.

యంత్రమే ఒక ప్రక్కకు ఒఱగియుండిన నేమి గతి? కొల్లేటి చేపలు తూచు త్రాసుపై అనుమానము గలిగినచో, సరకును తూనికరాళ్లను తట్టలు మార్చి చూచెడివారు. అట్లే ఇచట స్పిన్ను దిక్కును త్రిప్పివేయుదురు. ఎడమకుడుల భేదము తారుమారైనచో అది ప్రోటానులది. మాఱక నిలిచినచో యంత్రముది.

ఏలూరు, తాడేపల్లిగూడెముల విద్యార్థులకు నా మనవి యొక్కటే: లెక్కను నమ్ముటకు ముందు తట్టలు మార్చి చూడుడు.