పక్క సీటు నేస్తం

బడిలో స్నేహం చాలావరకు పక్క సీటుతో మొదలవుతుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో టీచరు చెబుతారు. ఆ ఇరుగుపొరుగు స్నేహంగా ముదిరేదీ లేనిదీ పిల్లల చేతుల్లో ఉంటుంది. మలేషియాలోని పేరాక్ రాష్ట్ర రాజధాని ఇపోలో ఈ సంగతి మరీ తేటగా కనబడుతుంది. కింటా లోయ తగరపు గనులతో ఎదిగిన ఊరు అది. మలయ్, చైనీస్, తమిళ, పంజాబీ, తెలుగు ఇళ్ల పిల్లలు అక్కడి హైస్కూలు తరగతిలో కలిసి కూర్చుంటారు.

అంతకుముందు వాళ్ల దారులు వేరు. ఆరేళ్ల ప్రాథమిక విద్యకు మలయ్, చైనీస్, తమిళ బడులు విడివిడిగా ఉన్నాయి. తెలుగింటి పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో వెళ్లడం మామూలు. హైస్కూలు మొదటి తరగతి అయిన ఫారమ్ వన్‌లో, అంటే సుమారు పదమూడో ఏట, చాలామంది ఒక్కచోటికి చేరతారు. ఇక పాఠాలు ఎక్కువగా మలయ్‌లోనే. ఆ భాషలో తడబడిన పిల్లను చూసి తరగతి గొల్లున నవ్వినప్పుడు తాను నవ్వకుండా, తన నోట్సు ఆమె వైపు జరిపిన అమ్మాయే ఆమెకు మొదటి నేస్తం.

ఇపో బడి స్నేహాన్ని అందంగా గీసి చూపినవాడు కార్టూనిస్టు లాట్. అసలు పేరు మహమ్మద్ నూర్ ఖాలిద్. 1951లో ఇపోకు దగ్గరలోని గోపెంగ్ వైపు పల్లెలో పుట్టి, తర్వాత ఇపోలోని ఆండర్సన్ స్కూల్లో చదివాడు. పదమూడేళ్ల వయసులోనే అతని తొలి కామిక్ పుస్తకం అచ్చయింది. అదీ దొంగను పట్టుకున్న ముగ్గురు స్నేహితుల కథే. 1980ల ఆరంభంలో వచ్చిన అతని పుస్తకం 'టౌన్ బాయ్'లో మాట్ అనే మలయ్ కుర్రాడు, ఫ్రాంకీ అనే చైనీస్ కుర్రాడు జంట నేస్తాలు. ఫ్రాంకీ అమ్మానాన్నలది కాఫీ కొట్టు. ఆ కొట్టు మేడ మీద ఎల్విస్ ప్రెస్లీ రికార్డు పెట్టుకుని, చేతిలో గిటారు లేకపోయినా ఉన్నట్టే వాయిస్తూ ఇద్దరూ ఊగిపోతారు. వాళ్లను కలిపింది జాతీయ సమైక్యత పాఠం కాదు, పాట. పెద్దలు ఈ ముక్క తరచూ మరచిపోతారు. కలిసి ఉండండని చెప్పేకంటే కలిసి చేయడానికో పని చూపిస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే దగ్గరవుతారు.

తిండి దగ్గర ఈ స్నేహానికి రోజూ పరీక్షే. విరామం గంట కొట్టగానే క్యాంటీన్‌లో నాసి లెమాక్ పొట్లాలు విప్పుతారు. కొబ్బరిపాల అన్నం, ఎర్రటి సంబల్ కారం, వేయించిన చిన్న చేపలు, వేరుశనగలు, దోస ముక్కలు, గుడ్డు. ముస్లిం పిల్లలకు హలాల్ కానిది కూడదు. చాలామంది హిందూ పిల్లలు గొడ్డు మాంసం ముట్టరు. కొందరిళ్లలో శుక్రవారం నీచు తినరు. పెట్టేముందు అడగడం, వద్దంటే నొచ్చుకోకపోవడం, రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న నేస్తం ముందు డబ్బా తెరవకపోవడం అక్కడి పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. ఉపవాసాలు ముగిశాక వచ్చే రాయా పండక్కి ఒకరింటికి, దీపావళికి మరొకరింటికి వెళ్లివచ్చేసరికి అవే వచ్చేస్తాయి.

చదువులోనూ స్నేహం పెరిగే పద్ధతి ఒకటుంది. అమెరికాలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడిలో చేర్చినప్పుడు గొడవలు రేగాయి. 1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్‌సన్ పిల్లలను చిన్న జట్లుగా చేసి, పాఠాన్ని ముక్కలు చేసి, తలా ఒక ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. అందరి మాటా వింటేగాని పాఠం పూర్తికాదు. నత్తిగా మాట్లాడేవాణ్ణి కూడా ఓపికగా వినక తప్పలేదు. జట్లలో ద్వేషం తగ్గింది. లెక్కల్లో ఒకరు, మలయ్‌లో మరొకరు గట్టిగా ఉండే ఇపో తరగతికి ఇది చక్కగా అతుకుతుంది.

మంచి నేస్తం అసలు విలువ ఏడిపింపుల వేళ తెలుస్తుంది. కెనడా బడుల ఆటస్థలాలను వీడియో తీసి పరిశీలించిన పరిశోధకులు 2001లో ఒక విషయం వెల్లడించారు. చూస్తున్న పిల్లల్లో ఒకరు అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో వేధింపు 10 సెకన్లలో ఆగిపోయింది. అడ్డుపడటమంటే కొట్లాటకు దిగడమని కాదు. బాధపడుతున్న పిల్లవాణ్ణి "పద, క్లాసుకు వెళదాం" అని పక్కకు తీసుకెళ్లినా చాలు. వాట్సాప్ గ్రూపులో ఎగతాళి బొమ్మను ముందుకు పంపకపోవడమూ ఇదే కోవలోకి వస్తుంది.

పెద్దలకు చెప్పడాన్ని పిల్లలు చాడీ అనుకుంటారు. ఎదుటివాడికి శిక్ష పడాలని చెబితే చాడీ. నేస్తానికి దెబ్బ తగలకూడదని చెబితే అది సాయం. ఈ తేడా ఇంట్లోనే విడమరచి చెప్పాలి. టీచరుకు చెప్పే ధైర్యం లేని పిల్లలు మలేషియాలో తాలియాన్ కాసిహ్ సహాయవాణి నంబరు 15999కు, భారతదేశంలో చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. ఆ రెండూ పగలూ రాత్రీ పనిచేస్తాయి.