యజమాని లేని ఊరు

మానవుడు సంఘజీవి. పదిమందితో కలిసి మాటలాడనిదే అతనికి ప్రొద్దుపోదు. పూర్వము జనులు రచ్చబండయొద్దను, సంతలయందును, దేవాలయ ప్రాంగణములందును కలిసికొనెడివారు. నేడు కంప్యూటరును, సెల్‌ఫోనును వచ్చిన పిదప వేలమైళ్ల దూరమున నున్నవారు సైతము క్షణములో ముచ్చటించుకొనుచున్నారు. ఇట్టి కలయికకు తావొసగు అంతర్జాల వేదికలకు సామాజిక మాధ్యమములని పేరు.

ఈ వేదికలలో పెద్దవి చాలవఱకు వ్యాపారసంస్థల అధీనమున నున్నవి. ఏ మాట నిలువవలెనో, ఏది తొలగవలెనో, ఎవరి మాట ఎందఱికి కనబడవలెనో ఆ సంస్థలే నిర్ణయించును. యజమాని మాఱినచో కట్టుబాట్లును మాఱును. సభ్యులు కోట్లమంది యున్నను ఆ నిర్ణయములలో వారికి పాలు లేదు. నచ్చక వెడలిపోదమన్నచో మిత్రులందఱు అచ్చటనే యుందురు గదా!

ఈ చిక్కును తొలగించుటకు కొందఱు వేఱొక మార్గమును వెదకిరి. జర్మనీ దేశమున నివసించు ఓయిగెన్ రోచ్కో అను యువకుడు 2016వ సంవత్సరమున మాస్టొడాన్ అను మాధ్యమమును వెలువరించెను. ఏనుగును బోలి, పూర్వమెప్పుడో అంతరించిన యొక జంతువు పేరది. దీనిని నడపు ప్రోగ్రామును ఎవరైనను ఉచితముగా గైకొని తమ సొంత సర్వరుపై స్థాపించుకొనవచ్చును. సర్వరనగా సభ్యుల వ్రాతలను భద్రపఱచి, కోరినవారికి అందించు కంప్యూటరు.

ఇట్టి సర్వరులు నేడు వేలకొలదిగా నున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న ఊరు వంటిది. ఒకచోట శాస్త్రజ్ఞులు, ఇంకొకచోట చిత్రకారులు, వేఱొకచోట ఒకే నగరమునకు చెందినవారు కూడుదురు. ఐనను వీరి నడుమ గోడలు లేవు. తపాలా వ్యవస్థను తలచుకొనుడు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క తపాలా కార్యాలయమున్నను, ఏ ఊరి ఉత్తరమైనను ఏ ఊరికైనను చేరుచున్నది. అందఱును ఒకే పద్ధతిని పాటించుటయే దానికి కారణము. అట్లే ఈ సర్వరులు యాక్టివిటీపబ్ అను నియమావళిని అనుసరించి సందేశములను పంపుకొనుచున్నవి. వెబ్ ప్రమాణములను రూపొందించు అంతర్జాతీయ సంస్థ 2018 జనవరిలో దీనిని ఆమోదించెను. ఒక సర్వరు నచ్చనివారు తమ అనుచరులతోకూడ మఱియొకదానికి తరలిపోవచ్చును. పాత వ్రాతలు మాత్రము వెంట రావు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని పెత్తనము చేయు యజమాని లేనిచోట మంచిచెడ్డలు చూచువారెవరు? పదిమందిలో పాము చావదని సామెత. చంపువారు వేఱొకరున్నారని ప్రతివాడును ఊరకుండును. యజమాని లేని ఊరికి గల పెద్ద అపాయ మిదియే.

దీనికి మొదటి ఉపాయము ఎవరి వాకిలి వారు శుభ్రముగా నుంచుకొనుట. ప్రతి సర్వరునకును దాని కట్టుబాట్లు కలవు. క్రొత్తగా చేరువారు ముందుగా వానిని చదువవలెను. దుర్భాషలాడువానిపై ఫిర్యాదు వచ్చినచో పర్యవేక్షకులు విచారించి, హెచ్చరింతురు. వినకున్నచో వెలుపలికి పంపుదురు. సభ్యులు కొలదిమందియే యగుటచే, అక్కడి మాటతీరు పర్యవేక్షకులకు చక్కగా తెలియును.

ఒక సర్వరే చెడుకు నిలయమైనచో నేమి చేయవలెను? 2019లో ఇట్టి పరీక్ష వచ్చెను. ద్వేషపూరితములగు వ్రాతలకు తావిచ్చుచున్నదని పేరుమోసిన గాబ్ అను అమెరికా వేదిక మాస్టొడాన్ ప్రోగ్రామును గైకొని నడువసాగెను. ప్రోగ్రాము అందఱిదియు గాన దానిని వలదనుటకు రోచ్కోకు సైతము అధికారము లేదు. అప్పుడు అనేక సర్వరుల నిర్వాహకులు ఎవరికివారే గాబ్‌తో సంబంధమును త్రెంచుకొనిరి. దాని సభ్యులు తమలో తాము మాటలాడుకొనిరే గాని, ఆ మాటలు ఆ ఊళ్లకు చేరలేదు. ఎవరి నోరును నొక్కలేదు. వినితీరవలెనని ఎవరిని నిర్బంధింపనులేదు.

ఐతే ఈ ఆయుధము పదునైనది. ఒకరిద్దఱి తప్పునకు సర్వరునంతటిని వెలివేసినచో, నిరపరాధులు తమ మిత్రులకు దూరమగుదురు. కావున సంబంధమును త్రెంచుటకు ముందు అవతలి నిర్వాహకునకు తెలుపుటయు, త్రెంచిన పిదప కారణమును సభ్యులకు వెల్లడించుటయు న్యాయము.

రెండవ ఉపాయము నమ్మకమును నిలుపుకొనుట. 2019లోనే మాస్టొడాన్ వారొక ఒడంబడికను ప్రకటించిరి. క్రొత్తవారికి తాము చూపు పట్టికలో చేరగోరు ప్రతి సర్వరును దీనికి కట్టుబడవలెను. జాతి, లింగభేదములనుబట్టి జనులను దూషించు వ్రాతలను అరికట్టవలెను. ప్రతిదినమును వ్రాతల ప్రతిని భద్రపఱుపవలెను. ఆపత్కాలమున సర్వరును చూచుకొనుటకు కనీసము మఱియొకరికి అధికారమీయవలెను. మూసివేయదలచినచో మూడు నెలలు ముందుగా తెలుపవలెను. ఇవి సామాన్యములుగా తోచును. కాని ఒక్కని ఆరోగ్యముపైనను, ఓపికపైనను ఊరంతయు ఆధారపడరాదను వివేకము వీనియందు కలదు.

ఆ వివేకము విలువ 2022లో తెలియవచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో ట్విట్టరు సంస్థ ఎలాన్ మస్క్ వశమయ్యెను. అనేకులు దానిని వీడి మాస్టొడాన్‌లో చేరిరి. నెలనెలా వచ్చు సభ్యుల సంఖ్య రెండు నెలలలోనే సుమారు 3 లక్షలనుండి 25 లక్షలకు పెరిగెనని రోచ్కో ప్రకటించెను. సర్వరులు మందగించెను. జీతములేక తీరికవేళల పనిచేయు పర్యవేక్షకులు అలసిపోయిరి. వచ్చినవారిలో పలువురు మరల వెడలిపోయిరి. స్వేచ్ఛ ఉచితముగా దొరకినను, దానిని పోషించుటకు ధనమును, శ్రమయు కావలెనని అందఱికిని బోధపడెను.

ఆ భారమును పంచుకొనుటయే మూడవ ఉపాయము. 2017లో ఏర్పడిన సోషల్ కోఆప్ అను సర్వరు సహకార సంఘముగా నడచుచున్నది. సభ్యులు చందాలు చెల్లించి, ముఖ్యవిషయములను చర్చించి, ఓట్లద్వారా తీర్మానించుకొందురు. రోచ్కో కూడ మాస్టొడాన్ ఒక్కవ్యక్తి చేతిలో ఉండరాదని తలచి, దానిని లాభాపేక్షలేని సంస్థకు అప్పగించుటకు పూనుకొని, 2025లో తన నాయకత్వమును వదలుకొనెను.

నిర్వాహకులెంత సమర్థులైనను, సభ్యుల నడవడి మంచిదిగా నుండనిచో ఊరు బాగుపడదు. మాస్టొడాన్ సభ్యులలో కొన్ని సదాచారములు పాదుకొన్నవి. మనసును నొప్పింపగల విషయమును వ్రాయువారు దానిపై హెచ్చరిక యను తెర కప్పుదురు. ఇష్టమైనవారే దానిని తొలగించి చదువుదురు. చిత్రమును పెట్టువారు అంధులకు ఉపకరించునట్లు అందేమున్నదో మాటలలో వివరింతురు. కనబడని పాఠకునిగూడ తలచుకొను ఈ గుణమే నాగరకత.

బాలబాలికలారా! మీరును రేపు ఇట్టి సంఘములలో చేరుదురు. చేరునపుడు దాని కట్టుబాట్లేవి, వానిని నిర్ణయించువారెవరు, ఖర్చు భరించువారెవరు అని విచారింపుడు. కోపము వచ్చినపుడు వ్రాసినదానిని పంపుటకు ముందు మరల చదువుడు. తప్పును చూచినపుడు ఎవరో చెప్పుదురులే యని యూరకుండకుడు. యజమాని లేని ఊరిలో ప్రతి నివాసియు కాపరియే. ఆ కాపుదల మఱచిననాడు, కట్టుబాట్లు విధించు యజమాని యొకడు మరల రాకమానడు.