వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే బాధితులకు ఉన్న దారులు

మన సొసైటీకి వచ్చే విరాళాల్లో పెద్ద భాగం వైద్య సహాయానికే పోతుందని దాతలైన మీ అందరికీ తెలుసు. ఆపరేషన్ ఖర్చు, మందుల బిల్లు, పళ్ల చికిత్స, కళ్లజోడు... దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. బడి వదిలాక సాయంత్రాలు ఆఫీసులో కూర్చుని వాటిని చదివి, విచారించి, కమిటీ ముందు పెట్టే పని మాది. అలా వచ్చిన ఒక ఫైలు మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు.

కొన్నేళ్ల కిందట, కుట్టుపని చేసుకునే ఒక అమ్మాయికి కింది దవడలో జ్ఞానదంతం తీయించడానికి సొసైటీ డబ్బు ఇచ్చింది. పన్ను తీశారు. మత్తు దిగాల్సిన వేళ దాటినా కింది పెదవి, గడ్డం ఒకవైపు తిమ్మిరి పోలేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు క్లినిక్‌లో. నాలుగు నెలలైనా సర్దుకోలేదు. టీ తాగితే పెదవి మీదుగా కారేది ఆమెకు తెలిసేది కాదు. కుట్టు పూర్తయ్యాక దారం కొరకబోయి పెదవి కొరుక్కునేది. వాళ్లమ్మ మా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, డబ్బు కట్టింది మీరు. ఊరికే చేయించుకున్నవాళ్లం, మాకు అడిగే హక్కు ఎక్కడుంటుంది?" అంది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది.

ఆ హక్కు ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవారే కాదు, వారి అంగీకారంతో సేవ పొందినవారు కూడా వినియోగదారులే. తండ్రి కట్టినా, యజమాని కట్టినా, సొసైటీ కట్టినా చికిత్స పొందిన మనిషి ఫిర్యాదు చేయవచ్చు. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని ఈ చట్టం కిందికి తెచ్చింది. కొందరి దగ్గర ఫీజు తీసుకుని, కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఆ ఉచిత రోగులకు కూడా ఇదే హక్కు ఉంటుందని ఆ తీర్పులోనే చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట్లు, ముఖ్యంగా సర్కారు ఆసుపత్రులు, ఈ చట్టం కిందికి రావు. అంతమాత్రాన అక్కడ దారి మూసుకుపోలేదు, సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగవచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విఫలమైన ఒక పేద మహిళ కేసులో, ప్రభుత్వ డాక్టరు నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే జబ్బు నయం కాకపోతే నిర్లక్ష్యం జరిగినట్టేనా? కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే డాక్టర్లకు అన్యాయం చేసినవాళ్లమవుతాము. మా వృత్తిలోంచే పోలిక చెబుతాము. పిల్లవాడు పరీక్ష తప్పినంత మాత్రాన మాస్టారు పాఠం చెప్పలేదని కాదు. క్లాసుకే రాకపోతే, ఏడో తరగతి పాఠం ఐదో తరగతికి చెబితే అప్పుడు తప్పు మాస్టారిది. కోర్టులు చూసేదీ ఇంచుమించు ఇదే. అదే చదువు, అదే అనుభవం ఉన్న మామూలు డాక్టరు ఆ పరిస్థితిలో తీసుకోవలసిన జాగ్రత్త ఈ డాక్టరు తీసుకున్నాడా లేదా? రెండు పద్ధతులున్నప్పుడు ఒకటి ఎంచుకోవడం నిర్లక్ష్యం కాదు. తప్పు మందు ఎక్కించడం, కడుపులో గుడ్డ వదిలి కుట్టేయడం, కుడి పన్నుకు బదులు ఎడమ పన్ను తీయడం నిర్లక్ష్యం.

ఆ అమ్మాయి సంగతే తీసుకోండి. కింది జ్ఞానదంతం వేర్లకు దగ్గరగా పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం వెళుతుంది. ఎంత మంచి చేయి పడినా కొందరిలో ఆ నరం దెబ్బతినవచ్చు. కాబట్టి తిమ్మిరి వచ్చిందన్న ఒక్క మాటతో కేసు నిలబడదు. పన్ను తీసే ముందు ఎక్స్‌రే తీశారా? వేరు నరానికి ఎంత దగ్గరగా ఉందో చూశారా? ఇలా జరిగే అవకాశం ఉందని ముందే చెప్పారా? తిమ్మిరి తగ్గనప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపారా? అడగవలసినవి ఈ ప్రశ్నలు. రోగికి విషయం చెప్పి, అర్థమయ్యాక తీసుకున్నదే నిజమైన అంగీకారమని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బల్ల మీద పడుకోబెట్టి, ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు.

ఈ ప్రశ్నలకు జవాబులన్నీ కాగితాల్లో ఉంటాయి. మా ఫైలులో ఉన్నది ఒక చిన్న చీటీ, దాని మీద ఒక అంకె. అంతే! అందులో రోగి పేరు కూడా లేదు. డబ్బు నేరుగా క్లినిక్‌కు చేరింది కదా అని మేమూ బిల్లు అడగలేదు. ఆ తప్పు మాదే.

డాక్టర్ల వృత్తి నియమావళి (2002) ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను డాక్టరు మూడేళ్లు భద్రపరచాలి. రోగిగాని, రోగి అధికారం ఇచ్చినవారుగాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాసి ఇచ్చి, జిరాక్సు కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోవాలి. కేస్ షీటు, పరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ము, డిశ్చార్జి సమ్మరీ, అంగీకార పత్రం అన్నీ అడగాలి. పళ్ల క్లినిక్‌లోనూ ఇలాగే రాసి అడగడం మంచిది. మిగిలిన మందులు, ఖాళీ ఇంజెక్షన్ సీసాలు పారేయకూడదు. ఆ తర్వాత వేరే ఆసుపత్రిలో, వీలైతే ప్రభుత్వ వైద్య కళాశాలలోనో దంత వైద్య కళాశాలలోనో చూపించి, ప్రస్తుత పరిస్థితిని ఓపీ చీటీ మీద రాయించుకోవాలి. మరో డాక్టరు అభిప్రాయం లేకుండా ఇలాంటి కేసులు గెలవడం చాలా కష్టం.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గాని, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. చికిత్సకు కట్టిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే చాలు. ఇక్కడ లెక్క కట్టిన సొమ్మును బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఆ సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుమే లేదు. 2019 చట్టం వచ్చాక రోగి తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఆపరేషన్ హైదరాబాదులో జరిగినా అక్కడికి తిరగనక్కర్లేదు. వకీలు తప్పనిసరి కాదు, కానీ వైద్యం కేసుల్లో వకీలు లేకుండా వెళ్లమని మేము చెప్పము. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వినియోగదారుల సలహాకు 1915.

డాక్టరు ప్రవర్తన మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, పళ్ల డాక్టరు మీద డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వాళ్లు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలరు గాని పరిహారం ఇప్పించరు. పోలీసు కేసు సంగతి వేరు. సాధారణ పొరపాటు చాలదని, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు, అభిప్రాయం తీసుకోవాలని జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక అర్హత లేకుండా అల్లోపతి చేసేవారి విషయం మరీ సూటిగా ఉంటుంది. తనకు చదువు లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని పూనం వర్మ కేసులో 1996లో తీర్పు వచ్చింది. మన బస్తీల్లో ఆర్ఎంపీల దగ్గర సెలైన్ పెట్టించుకునేవారు ఈ ఒక్క తీర్పు గుర్తుంచుకుంటే చాలు.

ఆ అమ్మాయి విషయంలో ఇవేవీ జరగలేదు. ముందు బంధువుల కుర్రాళ్లు క్లినిక్ అద్దాలు పగలగొడతామన్నారు. ఆసుపత్రుల మీద దాడులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది, ఆ పని చేసి ఉంటే బాధితులే ముద్దాయిలయ్యేవారు. పెద్దమనుషులు ఆపారు, అంతవరకు మేలే. తర్వాత ఆ పెద్దమనుషులే పంచాయితీ చేసి, పన్ను తీసినందుకు కట్టిన డబ్బు తిరిగి ఇప్పించి, తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు. అందులో ఏం రాశారో ఆ పిల్లకు తెలియదు. "మళ్లీ మాట్లాడదాం, పండగ వెళ్లనీయండి" అంటూ రెండేళ్లు వెళ్లాయి. ఆ పంచాయితీలో కూర్చున్నవారిలో మాకు తెలిసినవాళ్లూ ఉన్నారు. మేము అడ్డుచెప్పలేదు.

ఈ సంవత్సరం నుంచి వైద్య సహాయం దరఖాస్తులో రెండు విషయాలు కలపమని కమిటీని కోరాము. రోగి పేరు మీద బిల్లు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో ఉన్న చీటీ జతచేస్తేనే రెండో విడత డబ్బు విడుదల కావాలి. ఆ నంబరు చీటీల మీద, రసీదుల మీద వేయడం డాక్టర్ల బాధ్యతే కనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు. రికార్డుల కోసం రాసే లేఖ నమూనా ఆఫీసులో పెట్టాము. దాతల్లో డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు. డబ్బుతో పాటు, నెలకు ఒక గంట ఒక కేస్ షీటు చదివిపెడితే, ఇది నిర్లక్ష్యమా కాదా అన్నది గడువు దాటకముందే తేలుతుంది. కాదని తేలినా మంచిదే, ఆ కుటుంబం కోర్టు చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

ఈ మధ్య ఆ అమ్మాయి వాళ్లమ్మే తన చెల్లెలి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడికి పన్ను తీయాలట. దరఖాస్తు బల్ల మీద పెట్టకముందే సంచిలోంచి ఎక్స్‌రే కవరు తీసి చూపించి, "ముందు ఇది తీయించాను మాస్టారూ, బిల్లు వీడి పేరు మీదే ఉంది చూడండి" అంది.