పాత ట్యాబ్ కొంటున్నారా? ముందు ఈ నాలుగూ చూసుకోండి



పొలం రికార్డులు రాసుకోవడానికి, వీడియోలు చూడటానికి కొత్త ట్యాబే అక్కర్లేదు. నేను సెకండ్ హ్యాండ్‌దే వాడుతున్నా. అయితే ఎద్దును పళ్లు చూసి, నడిపించి కొన్నట్టే దీన్నీ చూసి కొనాలి. ఎలా చూడాలో పై వీడియోలో చూపించాను, ఎందుకో ఇక్కడ చెప్తాను.

1. బ్యాటరీ: వెనక భాగం ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా వద్దనేయండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది.

2. పాత అకౌంట్: ఆండ్రాయిడ్ 5.1 నుంచి రీసెట్ లాక్ వచ్చింది. పాత యజమాని గూగుల్ అకౌంట్ తీయకపోతే ట్యాబ్ మీ చేతిలో తెరుచుకోకపోవచ్చు. మీ ముందే అకౌంట్ తీయించి, రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో ఆన్ అయ్యాకే డబ్బులివ్వండి.

3. ఐఎంఈఐ: సిమ్ పడే ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లో 15 అంకెల నంబర్ ఉంటుంది. ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబర్‌ను 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్ చేసిన సరుకైతే తెలిసిపోతుంది.

4. ఆండ్రాయిడ్ వెర్షన్: 2013లో వచ్చిన నెక్సస్ 7కి గూగుల్ ఇచ్చిన చివరి వెర్షన్ 6.0.1. ఇలాంటి పాతవాటికి ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అందుకే వీటిలో యూపీఐ, బ్యాంకు యాప్‌లు పెట్టొద్దు. బ్యాంకుకు లింకైన సిమ్ కూడా వేయొద్దు, ఓటీపీలు అందులోకే వస్తాయి.

మరి దేనికి పనికొస్తుంది? నెట్ అక్కర్లేని పనులకు బంగారం లాంటిది. జీవామృతం ఏ రోజు కలిపాం, ఏ మడికి పారించాం అన్నది ఫోటోతో సహా దాచుకుంటున్నా. పీజీఎస్ గ్రూపులో తోటి రైతులు మన పొలం చూడటానికి వచ్చినప్పుడు, డైరీ పక్కన ఈ ఫోటోలు ఉంటే మన మాటకు బలం.

ఒక జాగ్రత్త. ఛార్జింగ్ పూర్తిగా అయిపోతే కొన్ని పాత ట్యాబ్‌లలో తేదీ మారిపోతుంది. నెట్ లేకపోతే అదే తప్పు తేదీ ఫోటోల్లో పడుతుంది. ఫోటో తీసేముందు తేదీ చూసుకోండి. ఎండలో వదిలేయకండి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచకండి. నెలకోసారి ఫోటోలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పాత ట్యాబ్ పోతే ఇంకోటి దొరుకుతుంది, మూడేళ్ల రికార్డు పోతే మళ్లీ దొరకదు.