పరుగు ఆపిన చోటు

హైదరాబాదు మారథాన్ అనగానే మన సహోద్యోగులలో చాలామందికి రంగురంగుల బనియన్లు తొడుక్కున్న యువకులు, మరుసటి రోజు పత్రికలలో వచ్చే ఛాయాచిత్రాలు గుర్తుకు వస్తాయి. యాభై ఐదేళ్ళ వయసులో, 79 కిలోల బరువుతో నేను అందులో హాఫ్ మారథాన్‌కు పేరు నమోదు చేయించుకున్నానని తెలిసినప్పుడు మా విభాగంలో మొదట వినిపించినది నవ్వే. ఆ నవ్వులో తప్పేమీ లేదు. 2023 జనవరిలో మా కాలనీ క్రీడామైదానం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసేసరికి నాకు ఆయాసంతో మాట పెగలలేదు.

దీనికి కారణం వార్షిక వైద్యపరీక్ష. రక్తంలో చక్కెర హద్దు మీద నిలిచింది. రక్తపోటు హద్దు దాటింది. మన వైద్యాధికారి కాగితాలు చూసి, "టర్బైను బేరింగులకు గంటగంటకూ లాగ్‌షీటు రాస్తారు కదా, దీనికి ఏడాదికొకసారేనా?" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాల ఉష్ణోగ్రతలు, ప్రకంపనలు నమోదు చేసిన వాణ్ణి. జవాబు చెప్పలేకపోయాను. పరుగుకు అనుమతి ఇచ్చేముందు ఆయన టి.ఎం.టి. పరీక్ష చేయించారు. ఆ తరువాత రెండు నియమాలు విధించారు. పక్కవారితో మాట్లాడగలిగే వేగాన్ని మించరాదు. ఛాతీలో బరువుగా అనిపిస్తే, అది ఎంత స్వల్పమైనా, తక్షణం ఆగిపోవాలి. ఈ రెండవ నియమం గురించే ఈ వ్యాసం.

ముందుగా పరుగు గురించి కొంత చెప్పాలి. హైదరాబాదు రన్నర్స్ సంఘం పదేళ్ళకు పైగా ఆగస్టు మాసాంతంలో ఒక ఆదివారం దీనిని నిర్వహిస్తున్నది. ఇటీవలి సంవత్సరాలలో మనవంటి ప్రభుత్వ రంగ సంస్థయే అయిన ఎన్.ఎం.డి.సి. పేరు దీనికి ముందు చేరడం మనకు సంతోషదాయకం. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించిన 42.195 కిలోమీటర్లే 1921లో మారథాన్‌కు ప్రామాణిక దూరంగా స్థిరపడ్డాయి. ఇది అందులో సరిగ్గా సగం.

ఈ దూరాన్ని కొలిచే పద్ధతి ఇంజనీర్లకు తప్పక నచ్చుతుంది. అంతర్జాతీయ గుర్తింపు పొందే మార్గాలను సైకిలుతో కొలుస్తారు. ముందు చక్రానికి ఒక గణక యంత్రం అమర్చి, ఉక్కు టేపుతో కొలిచిన సరళరేఖ మీద ఆ సైకిలును పలుమార్లు నడిపి ప్రమాణీకరిస్తారు. టైరులోని గాలి ఎండకు వ్యాకోచిస్తుంది కనుక, కొలత పూర్తయిన తరువాత మళ్ళీ ప్రమాణీకరిస్తారు. మలుపులలో పరుగెత్తేవారికి సాధ్యమయ్యే అతి దగ్గరి దారినే, అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంలో, కొలుస్తారు. ఇంత చేసినా పొరపాటుకు తావుంటుందని ప్రతి వెయ్యి మీటర్లకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. అంటే హాఫ్ మారథాన్‌లో ప్రతి ఒక్కరూ సుమారు 21 మీటర్లు అధికంగానే పరుగెత్తుతారు. దూరం తగ్గిందన్న మాట రాకుండా ఉండేందుకు ముందే చెల్లించే రక్షణ సుంకం అది.

2023 ఆగస్టు ఆఖరి ఆదివారం. వెలుగు రేకలు విచ్చుకుంటున్న వేళ నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా వద్ద వేలమంది మధ్య నిలబడ్డాను. నా పక్కన మా విభాగంలోని యువ ఇంజనీరు ఉన్నాడు. ఐదు నెలలుగా ఆదివారాలు నాతో పరుగెత్తుతూ, తన వేగాన్ని నాకోసం తగ్గించుకుంటూ వచ్చినవాడు. సాగర్ మధ్య బుద్ధ విగ్రహం మసకగా కనిపిస్తోంది. 1990 మార్చిలో ఆ ఏకశిలా విగ్రహాన్ని తరలిస్తుండగా బార్జి ఒరిగి అది నీటిలో మునిగిపోవడం, కొందరు ప్రాణాలు కోల్పోవడం, 1992 డిసెంబరులో దానిని పైకి తీసి నిలబెట్టడం మా తరం ఇంజనీర్లు ఎవరూ మరువలేరు. చూడవచ్చినవారికి ఇప్పుడు కనిపించేది నిలబడిన విగ్రహమే.

రాజ్‌భవన్ రోడ్డు మీదుగా పంజగుట్ట ఫ్లైఓవరు ఎక్కేవరకు అంతా హాయిగానే సాగింది. కె.బి.ఆర్. పార్కు, జూబ్లీహిల్స్ వైపు సాగేకొద్దీ ఎత్తుపల్లాలు మొదలవుతాయి. కారులో పోయేటప్పుడు గేరు మార్చడానికి మించి లెక్కచేయని ఆ ఎత్తులు కాళ్ళకు మాత్రం స్పష్టంగా తెలుస్తాయి. దారి పొడవునా అరటిపళ్ళ ముక్కలు, నీళ్ళు, ఉప్పు కలిపిన పానీయం అందిస్తున్న విద్యార్థులు. ఒక అపార్టుమెంటు ముందు నైటీ మీద తువ్వాలు వేసుకుని నిలబడిన పెద్దావిడ నన్ను చూసి, "మెల్లగా బాబూ, మెల్లగా!" అన్నారు. ఇంతకంటే సరైన సలహా ఆ రోజు నాకు మరెవరూ ఇవ్వలేదు. సుమారుగా కిలో బరువుకు, కిలోమీటరుకు ఒక కిలో కాలరీ చొప్పున ఖర్చవుతుందని లెక్క. నా బరువుకు మొత్తం 1,650 పైచిలుకు. ఆ లెక్కలు వేసుకుంటూనే దుర్గం చెరువు కేబుల్ వంతెన చేరుకున్నాను. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ వంతెన ప్రధాన స్పాను సుమారు 234 మీటర్లు. స్తంభాల నుంచి దిగివచ్చే తీగలను తలెత్తి చూస్తూ పరుగెత్తడం నా జీవితంలోని మంచి నిమిషాలలో ఒకటి.

వంతెన దాటిన కొంతసేపటికి ఛాతీ మధ్యలో ఏదో బరువు. నొప్పి కాదు. ఉదయం తిన్న రెండు ఇడ్లీలు పైకి వచ్చినట్లు. పది అడుగులు వేశాను. మరో పది. అది పోలేదు.

"సార్, ఇంకో ఆరు కిలోమీటర్లే. గ్యాస్ అయి ఉంటుంది, కాస్త నడుద్దాం," అన్నాడు కుర్రవాడు. అతని తప్పు లేదు. నేనూ మనసులో అదే అనుకుంటున్నాను. టి.ఎం.టి. పరీక్ష బాగుందని, పొట్టలో మంట నాకు పాత చుట్టమేనని, చొక్కా మీద సంస్థ పేరు ఉన్నదని ఎన్నో కారణాలు వరుసకట్టాయి. ఆ క్షణంలో నాకు గుర్తుకు వచ్చినది ఇంతవరకు ఎక్కడా రాయని ఒక సంగతి.

ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, నేనప్పుడు పనిచేస్తున్న ఒక విద్యుత్కేంద్రంలో, ఒక వేసవి రాత్రి షిఫ్టులో బేరింగు లోహపు ఉష్ణోగ్రత సంకేతం హద్దుకు చేరింది. అదే వారంలో అదే సంకేతం వల్ల యంత్రం రెండుసార్లు అకారణంగా ట్రిప్ అయింది. రెండుసార్లూ థర్మోకపుల్‌దే దోషమని తేలింది. డిమాండు తీవ్రంగా ఉంది. ఫోను మీద ఫోను. మూడవసారి ట్రిప్ కానివ్వకుండా ఆ రక్షణ వలయాన్ని బైపాస్ చేయించింది నేనే. ఆ రాత్రి థర్మోకపుల్ చెప్పినది నిజం. బేరింగులోని బేబిట్ లోహం కరిగిపోయింది. యంత్రం పంతొమ్మిది రోజులు నిలిచిపోయింది. విచారణ నివేదికలో కారణం "పరికరపు లోపం" అని వచ్చింది. నా పేరు రాలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆనాటి నా పై అధికారి ఈనాడు లేరు. అందువల్ల ఈ మాట ఆయనతో చెప్పుకునే అవకాశం పోయింది; ఈ పుటలలో చెప్పుకుంటున్నాను.

ఆగిపోయాను. వైద్య శిబిరం దాదాపు రెండు వందల మీటర్ల వెనుకనే ఉంది. వెనక్కి నడిచాను. అందరూ ఒక దిక్కుకు పరుగెత్తుతుండగా ఎదురుగా నడవడం ఎంత ఇబ్బందికరమో అనుభవిస్తేనే తెలుస్తుంది. అక్కడి యువ వైద్యురాలు ఆంబులెన్సులో పడుకోబెట్టి ఈ.సి.జి. తీశారు. "దీనిలో తేడా ఏమీ లేదు. కానీ ఈ వయసులో ఇదొక్కటి చూసి మిమ్మల్ని పంపలేను," అన్నారు. కాలికి కట్టిన టైమింగు చిప్‌ను విప్పుతుంటే వేలు వణికింది. నా కుర్రవాణ్ణి బలవంతాన ముందుకు పంపాను.

తరువాత రెండు వారాలు పరీక్షలు. యాంజియోగ్రాం కూడా చేశారు. గుండె బాగానే ఉంది. అన్నవాహికలో ఆమ్లం పైకి ఎగదన్నుతోంది, అంతే. మన పరిభాషలో ఇది అకారణ ట్రిప్. కాంటీనులో ఆ కబురు పొక్కగానే, "సార్, రెండు ఇడ్లీలకు ఆంబులెన్సా?" అన్న పరిహాసం కొంతకాలం నడిచింది. నేనూ నవ్వాను. ఇంట్లో మాత్రం మా ఆవిడ నవ్వలేదు. పరీక్షల కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, "ఏమండీ, మళ్ళీ ఇలా అనిపించినా ఆగుతారు కదా?" అని ఒకే మాట అడిగింది. ఒకసారి అబద్ధమని తేలిన సంకేతాన్ని రెండవసారి నమ్మడమే కష్టం. ఆ సంగతి నాకంటే తనకే బాగా తెలిసినట్లుంది. ఆగుతానని మాట ఇచ్చాను.

2024 ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇడ్లీలు తినలేదు. వైద్యులు చెప్పినట్లు మందు వేసుకున్నాను. జూబ్లీహిల్స్ ఎత్తులలో పరుగు మాని నడిచాను. వంతెన దాటాక, గత ఏడాది ఆగిన చోట, ఛాతీలో ఏమైనా ఉందా అని అర నిమిషం చెవి ఒగ్గి విన్నట్లు విన్నాను. ఏమీ లేదు. గచ్చిబౌలి క్రీడాప్రాంగణంలోకి అడుగుపెట్టేసరికి 3 గంటల 4 నిమిషాలు. అనుకున్నదానికంటే నాలుగు నిమిషాలు ఎక్కువ. గీత దాటగానే కాళ్ళు బిగుసుకుపోయి కూలబడ్డాను. నాకంటే గంట ముందే ముగించి నాకోసం కాచుకుని ఉన్న మా యువ ఇంజనీరు మంచినీళ్ళ సీసా అందిస్తూ, "సార్, ఈసారి థర్మోకపుల్ ఏమన్నది?" అని అడిగాడు. ఆ పాత సంగతి అతనికి అప్పటికే చెప్పి ఉన్నాను.

వచ్చే పరుగుకు మా విభాగం నుంచి పదకొండుమంది పేర్లు ఇచ్చారు. వారిలో ఆరుగురు ఇంకా టి.ఎం.టి. చేయించుకోలేదు. ఆ ఆరుగురి పేర్లు మా నోటీసుబోర్డు మీద ఉన్నాయి. వైద్యాధికారి గారు ప్రతి మంగళవారం మధ్యాహ్నం అందుబాటులో ఉంటామన్నారు.