సైకిలు గంతు వేయుట ఎట్లు?

బుట్టలో కూర్చున్న మనిషి ఆ బుట్ట చెవులను పట్టుకొని ఎంత బలముగా పైకి లాగినను బుట్ట లేవదు. ఇది అందరును ఎరిగినదే. అట్లయినచో, సైకిలుపై పోవువాడు దారికి అడ్డముగా నున్న రాయిని సైకిలుతో సహా ఎగిరి దాటుట ఎట్లు సాధ్యమగుచున్నది? ముందు ఏటవాలు బల్ల లేదు. క్రిందినుండి ఎత్తువారు లేరు. అయినను రెండు చక్రములును నేలను విడిచి లేచి, రాతిని దాటి, మరల నేలకు దిగును. ఆంగ్లమున ఈ విద్యకు 'బన్నీ హాప్' అని పేరు. అనగా కుందేలు గంతు.

ఇది వట్టి వినోదము కాదు. పందెపు సైకిలు టైరు వెడల్పు సాధారణముగా 25 నుండి 28 మిల్లీమీటర్లు మాత్రమే. అందు గాలి చదరపు సెంటీమీటరునకు 5 నుండి 7 కిలోగ్రాముల ఒత్తిడితో నిండియుండును. ఇట్టి చక్రము వేగముగా పోయి రాతి అంచును తాకినచో, టైరు అణగి, లోపలి ట్యూబు రాతికిని రిమ్ముకును నడుమ నలిగిపోవును. అప్పుడు ట్యూబుపై ప్రక్కప్రక్కన రెండు చిల్లులు పడును. అవి పాము కాటు గుర్తులవలె ఉండును. అడ్డంకి ఇంకను పెద్దదైనచో ముందు చక్రము ఆగిపోవును. మనిషి మాత్రము జడత్వమువలన ముందునకే పోయి, హ్యాండిలు మీదుగా పడును. ప్రక్కకు తప్పుకొనుటకు చోటు లేనప్పుడు, బ్రేకు వేయుటకు వ్యవధి లేనప్పుడు, గంతు ఒక్కటే శరణ్యము. 2016వ సంవత్సరమున ఫ్రాన్సులో జరిగిన పారిస్-రూబే పందెమున, రాళ్లు పరచిన బాటపై ఫాబియన్ కాంచెల్లారా జారిపడెను. వెనుకనే వచ్చుచుండిన పీటర్ సాగన్ పడియున్న సైకిలును దాటి, తాను పడక సాగిపోయెను.

ఇక బుట్ట ప్రశ్నకు వత్తము. బుట్టలోని మనిషి లాగు బలమును, బుట్ట అతనిని క్రిందికి లాగు బలమును ఒకదానికొకటి సరిపోవును. అవి రెండును ఆ జంట లోపలి బలములే. లోపలి బలములు జంటయొక్క గరిమనాభిని కదల్చజాలవు. దానిని పైకి లేపవలెనన్నచో బయటినుండి ఒక బలము కావలెను. సైకిలునకు ఆ బలమునిచ్చునది నేల. నేలను ఎవరు ఎంత బలముగా క్రిందికి నొక్కుదురో, నేల వారిని అంతే బలముగా పైకి నెట్టును. ఇది న్యూటన్ చెప్పిన మూడవ చలనసూత్రము.

కావున గంతు వేయువాడు మొదట చేయు పని హ్యాండిలును లాగుట కాదు. అతడు సీటునుండి లేచి, పెడళ్లు రెండును ఒకే మట్టమున ఉండునట్లు నిలిచి, మోకాళ్లను మోచేతులను వంచి క్రిందికి దిగును. వెంటనే కాళ్లను చాచి, పెడళ్లను బలముగా త్రొక్కి, శరీరమును పైకి విసరును. ఆ త్రొక్కుడు చక్రముల ద్వారా నేలకు చేరును. నేల తిరిగి నెట్టును. మనిషి శరీరమునకు పైకి పోవు వేగము కలిగిన తరువాతనే చేతులును కాళ్లును సైకిలును తమవెంట తీసికొనిపోవును. ముందు లేచునది మనిషి. సైకిలు అతనిని అనుసరించును. క్రొత్తగా నేర్చుకొనువారు దీనిని తలక్రిందులు చేసి, ముందు సైకిలును లాగుటకు చూతురు, అందుచేతనే విఫలులగుదురు.

లెక్క వేసి చూతము. మనిషి బరువు 62 కిలోగ్రాములు, సైకిలు బరువు 8 కిలోగ్రాములు అనుకొందము. రెంటి గరిమనాభి, నేలను విడిచిన తరువాత, 20 సెంటీమీటర్లు లేవవలెనన్నచో విడుచు క్షణమున దానికి పైకి పోవు వేగము సెకనునకు సుమారు 2 మీటర్లు ఉండవలెను. కాళ్లు చాచుటకు సెకనులో అయిదవ వంతు పట్టునని అనుకొనినచో, ఆ కొద్దికాలము నేల వారిని బరువునకు దాదాపు రెండింతల బలముతో నెట్టవలెను. లేచుటకు 0.2 సెకను, దిగుటకు 0.2 సెకను, మొత్తము 0.4 సెకను సేపు సైకిలు గాలిలో ఉండును.

గరిమనాభి 20 సెంటీమీటర్లు మాత్రమే లేచినను చక్రములు అంతకు రెట్టింపు ఎత్తునకు పోగలవు. గాలిలో ఉండగా మనిషి మోకాళ్లు ముడిచి సైకిలును తనవైపు 25 సెంటీమీటర్లు లాగుకొనినచో, బరువైన శరీరము 3 సెంటీమీటర్లు మాత్రము దిగును. తేలికైన సైకిలు 22 సెంటీమీటర్లు పైకి వచ్చును. గరిమనాభి మారదు. కాని చక్రములు నేలనుండి 42 సెంటీమీటర్ల ఎత్తునకు చేరును. బుట్టలో పనికిరాని లోపలి బలము ఇక్కడ ఇట్లు పనికివచ్చినది. అది జంటను లేపలేదు. జంటలోని తేలిక భాగమును బరువు భాగమునకు దగ్గర చేసినది.

సైకిలును కాళ్లతో ఎత్తుటకు పాదము పెడలును వదలకుండ ఉండవలెను. పూర్వము పందెగాండ్రు ఇందులకు ఇనుప కొక్కెములను, తోలు పట్టీలను వాడిరి. 1984లో ఫ్రాన్సునకు చెందిన లుక్ సంస్థ బూటు అడుగు పెడలునకు బిగిసికొనునట్టి ఏర్పాటును తెచ్చినది. దానిని వాడి బెర్నార్ ఇనో 1985లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచెను. బిగింపు లేని పెడళ్లపై గంతు వేయువాడు మొదట వెనుకకు వాలి ముందు చక్రమును లేపును. పిదప హ్యాండిలును ముందునకు నెట్టి, కాలివ్రేళ్లను క్రిందికి వంచి, పాదములతో వెనుక చక్రమును ఈడ్చుకొనును.

వేగముగా పోయినచో ఎత్తుగా ఎగురవచ్చునని కొందరు తలతురు. చదునైన నేలపై అది సరికాదు. ముందునకు పోవు వేగము ఎత్తునకు సహాయపడదు. దూరమునకు మాత్రము సహాయపడును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనునకు 10 మీటర్లు పోవునప్పుడు, 0.4 సెకనులో సైకిలు 4 మీటర్లు దాటును. గంటకు 18 కిలోమీటర్ల వేగమున 2 మీటర్లు దాటును. నడక వేగమున అయితే అర మీటరు మాత్రమే. రెండు చక్రముల నడుమ దూరమే సుమారు ఒక మీటరు కనుక, అంత నెమ్మదిగా పోవుచు రెంటిని ఒకేమారు లేపినచో ముందు చక్రము దాటినను వెనుక చక్రము ఇవతలనే దిగి అడ్డంకికి తగులును. అప్పుడు చక్రములను ఒకదాని వెనుక నొకటి లేపవలెను.

బురదలోను పచ్చికబయళ్లలోను జరుగు సైక్లోక్రాస్ పందెములు దీనికి మంచి పరీక్ష. అచట దారికి అడ్డముగా రెండు పలకలను 4 మీటర్ల ఎడముగా నిలుపుదురు. వాని ఎత్తు 40 సెంటీమీటర్లకు మించరాదు. పెక్కుమంది సైకిలు దిగి, దానిని ఎత్తుకొని పరుగెత్తుదురు. 1989లో పాంషాటోలో జరిగిన ప్రపంచ పోటీలో బెల్జియము దేశీయుడు డానీ డి బీ దిగకుండ పలకలపై ఎగిరిపోయి విజేత అయ్యెను. గంటకు 18 కిలోమీటర్ల వేగమున రెండు పలకల నడుమ దూరమునకు 0.8 సెకను పట్టును. అందు సగము గాలిలోనే గడచును. మిగిలిన 0.4 సెకనులో నేలకు దిగి, వంగి, మరల త్రొక్కి లేవవలెను. వేగము రెట్టింపైనచో ఆ వ్యవధి మిగులదు.

దిగుటయందును శ్రద్ధ అవసరము. మోకాళ్లు బిగబట్టి దిగి, శరీరము 2 సెంటీమీటర్లలో ఆగిపోయినచో, నేల దెబ్బ సగటున బరువునకు 11 రెట్లుండును. మోకాళ్లను మోచేతులను వంచుచు 20 సెంటీమీటర్లలో ఆగినచో అది 2 రెట్లు మాత్రమే. పడిన ఎత్తు ఒకటే. ఆగు దూరము పెరిగినకొలది బలము తగ్గును. చక్రము వంకరగా దిగరాదు. ముందు బ్రేకు నొక్కియుండరాదు.

ఇందలి మూలసూత్రమును తరగతిలో సైకిలు లేకుండనే చూపవచ్చును. ముల్లు తిరుగు తూనికయంత్రముపై ఒక విద్యార్థిని నిలిపి, కొద్దిగా వంగి చటుక్కున నిటారుగా నిలువుమనవలెను. పైకి లేచుచున్న క్షణమున ముల్లు అతని బరువును మించి చూపును. ఆ అదనమే గంతునకు కారణమైన బలము. సైకిలుపై అభ్యసింపదలచినవారు మాత్రము రద్దీలేని పచ్చికనేలను ఎంచుకొని, తలకు రక్షణ కలిగించుకొని, నేలపై గీచిన సున్నపు గీతను దాటుటతో ఆరంభించుట మేలు. గీతకు చక్రము తగిలినను ట్యూబు చిరగదు, మనిషి పడడు. కాని చక్రముపై అంటిన సున్నము ఏ చక్రము ఆలస్యముగా లేచెనో స్పష్టముగా చెప్పును.