అంగీ ముందు, పుస్తకాలు తరువాత



పౌలు భక్తుడు చెరసాలలో నుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయం మనలో చాలామందికి కంఠస్థమే. అందులోని మంచి పోరాటమును గూర్చి, నీతికిరీటమును గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాం, చేశాం. అయితే అదే అధ్యాయం పదమూడవ వచనం దగ్గర మనం ఆగేది తక్కువ. త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని తెమ్మని, పుస్తకాలు కూడా తెమ్మని ఆయన అక్కడ అడిగాడు. ఇరవై ఒకటవ వచనంలోనైతే చలికాలం రాకముందే రమ్మన్నాడు. ఇదేమిటి, ఇంటి కబురులా ఉందే అనుకుని దాటిపోతాం. ఆ కబురు విలువ మాకు 2024 జూలైలో, ఒక ఓడ మీద తెలిసివచ్చింది.

అమెరికాలో సియాటిల్ పట్టణం దగ్గర కాపురముంటున్న మా చెల్లెలు, ఆమె భర్త ఆ సంవత్సరం మా అమ్మగారిని, మమ్మల్ని పిలిపించుకున్నారు. అమ్మకు డెబ్బై రెండేళ్లు, ఆయాసం ఉంది. పిల్లలు తమ ఖర్చుతో ఏడు రోజుల ఓడ ప్రయాణం ఏర్పాటు చేశారు. దానిని అక్కడ క్రూయిజ్ అంటారు. భోజనం, పడక అన్నీ ఓడలోనే. ఓడ ఉత్తరంగా అలాస్కా తీరం వెంట సాగి, ఊరూరా ఆగుతూ తిరిగి వస్తుంది. గొప్ప చెప్పుకోవడానికి ఇది వ్రాయడం లేదు. మన పల్లె సంఘాలలో కూడా పిల్లలు పరదేశాలలో ఉన్న ఇళ్లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. రేపు మీకూ ఇటువంటి పిలుపు రావచ్చు. మేము చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు.

మేము సర్దిన విధం

జూలై అంటే వేసవి కదా అనుకున్నాం. చలి బట్టలు తెచ్చుకోమని చెల్లెలు ఫోనులో రెండుసార్లు చెప్పింది. సరేనన్నాం, మరచిపోయాం. అక్కడ ఒక తెలుగు కూడికలో వాక్యం చెప్పమని అడిగారు గనుక వ్యాఖ్యాన గ్రంథాలు, పదకోశం, నోటు పుస్తకాలు ఒక సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాం. అవి పోతే ఎలాగని ఆ సంచిని చేతిలోనే ఉంచుకున్నాం. అమ్మకు ఆరు చీరలు, ఒక శాలువా, రెండు తువ్వాళ్లు పెట్టాం. ఆమె పీల్చుకునే మందు, ఇన్‌హేలర్, పగిలిపోకుండా పెద్ద పెట్టెలో చీరల మధ్య దాచాం.

రేవులో పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి పనివాళ్లకు అప్పగించాలి. వాటిని వాళ్లే గది దగ్గరకు చేరుస్తారు. అయితే వేల మంది సామాను గనుక అవి చేరేసరికి చాలాసార్లు సాయంత్రమవుతుంది. ఈ సంగతి మాకు తెలియదు. ఓడ కదిలింది. అందరూ పైకి వెళ్లి తీరం చూస్తుండగా చల్లని గాలి విసిరింది. కొద్దిసేపటికే అమ్మకు ఆయాసం పట్టుకుంది.

“అన్నయ్యా, అమ్మ మందేదీ?” అని చెల్లెలు అడిగింది.

పెద్ద పెట్టెలో ఉందన్నాం. ఆ పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా చేతిలో పుస్తకాల సంచి ఉంది.

దేవుని కృపను బట్టి ఓడలో వైద్యశాల ఉంది. నర్సు అమ్మను కూర్చోబెట్టి మందు పీల్పించింది. అమ్మ ఊపిరి కుదుటపడేవరకు మా ఇంటివారు ఆమె వీపు నిమురుతూనే ఉన్నారు. ప్రార్థన చేయాలని కళ్లు మూసుకున్నా మాకు మాట రాలేదు. రాత్రి ఏడు గంటలకు పెట్టె వచ్చింది. మందు చీరల మధ్య పదిలంగానే ఉంది. అమ్మ నెమ్మదిగా, “అబ్బాయ్, ఆ పుస్తకాలు ఎన్ని కిలోలురా?” అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఆ రాత్రి ఆ వచనం మళ్లీ తీసి చదివాం. పౌలు పుస్తకాలు అడిగాడు, నిజమే. కాని అంగీని ముందు అడిగాడు.

చేతిసంచిలో ఉండవలసినవి

రోజూ వాడే మందులన్నీ, డాక్టరు వ్రాసిన చీటీతో సహా, వాటి అసలు డబ్బాలలోనే చేతిసంచిలో ఉండాలి. ప్రయాణపు రోజులకంటే ఒక వారం మందులు ఎక్కువ పెట్టుకోండి. పాస్‌పోర్టు, కళ్లజోడు, ఒక స్వెట్టరు, ఒక జత లోబట్టలు కూడా అందులోనే ఉంచండి. సియాటిల్ నుండి బయలుదేరే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియా వంటి రేవులో ఆగుతాయి. కాబట్టి టికెట్టు కొనకముందే కెనడా వీసా సంగతి, అమెరికా వీసాతో మళ్లీ ప్రవేశించే సంగతి పిల్లలతో చెప్పి విచారింపజేయండి.

చలికి ఒక దుప్పటి కాదు, మూడు పొరలు

అలాస్కా తీరంలో జూలై పగటి వేడి సుమారు 15 నుండి 18 డిగ్రీలు. మన కోస్తా ఊళ్లలో డిసెంబరు తెల్లవారుజామున కూడా చాలా రోజులు అంతకంటే వెచ్చగానే ఉంటుంది. దానికి తోడు ఓడ నడిచే వేగమే ఎదురుగాలి అవుతుంది. వర్షమా, కెచికన్ అనే రేవు పట్టణంలో ఏడాదికి సుమారు 3,800 మిల్లీమీటర్లు కురుస్తుంది. మన కోస్తాలో కురిసేదానికి ఇది దాదాపు నాలుగు రెట్లు.

ఇటువంటి చోట ఒకే బరువైన కోటుకన్నా మూడు పలుచని పొరలు మేలు. ఒంటికి అంటి ఉండే లోపలి ఉడుపు మొదటిది, దానిని థర్మల్ అంటారు. ఉన్ని స్వెట్టరు రెండవది. గాలిని, వానను ఆపే రెయిన్‌కోటు మూడవది. పొరల మధ్య నిలిచిన గాలే ఒంటి వేడిని పోనివ్వదు. ఎండ వస్తే ఒకటి విప్పవచ్చు. నూలు బట్ట తడిస్తే నీటిని పట్టి ఉంచి ఒంటిని చల్లబరుస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. అందుచేత మనకెంతో ఇష్టమైన నూలు శాలువా, తువ్వాలు అక్కడ వానలో పనికిరావు. చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, రెండు మూడు జతల ఉన్ని మేజోళ్లు, నీరు దూరని బూట్లు కావాలి. బూట్లను ఇంటి దగ్గరే పది రోజులు తొడిగి నడవండి, లేకపోతే కాళ్లు బొబ్బలెక్కుతాయి.

వీటికోసం బంగారం తాకట్టు పెట్టవద్దు. రెయిన్‌కోట్లు, స్వెట్టర్లు పిల్లల ఇళ్లలో ఉంటాయి, అడగండి. అక్కడ వాడిన బట్టలను తక్కువ ధరకు అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. అప్పు చేసి కొన్న కోటు ఒంటికి వెచ్చగా ఉన్నా మనసుకు వెచ్చగా ఉండదు.

ఇస్త్రీపెట్టె తీసుకువెళ్లవద్దు, అగ్నిభయం వల్ల ఓడలోకి రానివ్వరు. ఇంట్లో వండిన పదార్థాలను, పచ్చళ్లను కూడా సాధారణంగా ఎక్కనివ్వరు. మాంసపు పచ్చడినైతే అమెరికా విమానాశ్రయంలోనే తీసివేస్తారు. గది చిన్నది, ఖాళీ పెట్టెలు మంచం కిందికి పోవాలి. చివరి రాత్రి పెట్టెలను గది బయట పెట్టమంటారు, ఉదయం రేవులో తీసుకోవాలి. మేము ఆ రాత్రి బూట్లు కూడా పెట్టెలో పెట్టి బయట ఉంచేశాం. తెల్లవారి ప్యాంటు చొక్కా మీద హవాయి చెప్పులతో దిగవలసి వచ్చింది!

అమ్మ మా ముఖం చూసిన వేళ

ఒక రోజు ఓడ గ్లేసియర్ బే అనే చోటికి వెళ్లింది. కొండల మధ్యనుండి మంచు నదిలాగా సముద్రంలోకి దిగుతుంది. అంచు విరిగి నీటిలో పడినప్పుడు ఉరిమినట్లు శబ్దం వస్తుంది. 1794లో ఆంగ్ల నావికులు చూసినప్పుడు ఆ అఖాతమంతా దాదాపు మంచుతోనే నిండి ఉందట. అప్పటినుండి ఆ మంచు 100 కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది.

ఆ ఉదయం చెల్లెలు తన థర్మల్ లాగు, చొక్కా తెచ్చి అమ్మకు ఇచ్చింది. అమ్మ వాటిని పట్టుకుని మా ముఖం చూసింది. స్త్రీల వస్త్రధారణను గూర్చి మేము ఎన్నో సభలలో ప్రసంగించినవాళ్లం. ఆమె ఏమి అడుగుతోందో మాకు అర్థమైంది. “వేసుకో అమ్మా” అన్నాం. ఆమె లాగు తొడుక్కుని, పైన లంగా, చీర కట్టుకుని, స్వెట్టరు, రెయిన్‌కోటు వేసుకుని, తలకు టోపీ పెట్టుకుంది. ఒక గంటసేపు ఆ మంచు ఎదుట నిలబడి సృష్టికర్తను స్తుతించింది. ఆయాసం రాలేదు. గదికి వచ్చాక, “సంఘంలో ఎవరికీ చెప్పకురా” అంది. ఇప్పుడు ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాం.

మర్యాద కొరకు మనం చెప్పే మాటలు మంచివే. కాని వణికే వృద్ధురాలు కప్పుకోవడానికి బోధకుని ముఖం చూడవలసి వచ్చిందంటే, మేము చెప్పినదానిలో ఏదో లోపించింది. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలోని గుణవతియైన భార్య తన ఇంటివారికి తగిన వస్త్రాలు సిద్ధపరచింది గనుక మంచుకు భయపడలేదు. దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టింది. ఓడ బద్దలై ఒడ్డుకు చేరిన 276 మందికి మెలితే ద్వీపవాసులు మొదట చేసిన ఉపకారం ఏమిటి? వానలో, చలిలో నిప్పు రాజేయడమే.

ప్రియులారా, మీరు అలాస్కా వెళ్లినా వెళ్లకపోయినా చలికాలం మన ఊరికి కూడా వస్తుంది. మీ పెట్టె సర్దేటప్పుడు మొదట మీతో వచ్చే ముసలివారి మందు, వారి అంగీ పెట్టండి. తరువాతే మీ పుస్తకాలు. అలాగే ఈ డిసెంబరులో క్రిస్మస్ పాటలకు రాత్రివేళ ఇల్లిల్లూ తిరిగేటప్పుడు, తలుపు తీసిన అవ్వ ఏమి కప్పుకుని ఉందో ఒకసారి చూడండి. పాట ముగిశాక కానుక డబ్బా చాపకముందే ఆమెకు దుప్పటి ఉందా అని అడగండి. ప్రభువు మీ ప్రయాణములను, మీ ఇంటిలోని వృద్ధులను కాపాడును గాక. ఆమేన్.